క్రీడా పేజీలో మామూలు రోజులకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పెద్ద పోటీలు జరిగినప్పుడల్లా పత్రికల్లో విజేతల కథలు వస్తాయి. అవి చదివి మర్నాడు పొద్దున్నే బూట్లు తొడుక్కుని బయల్దేరేవాళ్లు చాలామంది ఉంటారు. వ్యాయామం నేర్పే వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ సందడి వెంటనే తెలుస్తుంది. మూడో వారానికి వాళ్లలో ఎక్కువమంది మాయమవడమూ తెలుస్తుంది. ఇది ఆరంభశూరత్వమని కొట్టిపారేయడం తేలికే కానీ, వాళ్లకు పట్టుదల లేదని మేము అనుకోవడం లేదు. విజేత దగ్గర నేర్చుకోవలసింది వదిలేసి, మనకు పనికిరానిది పట్టుకోవడం వల్లే చాలామంది మానేస్తున్నారు. ఇందులో పత్రికలకూ కొంత పాత్ర ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాం.

కెన్యా మారథాన్ పరుగువీరుడు ఎలియుడ్ కిప్‌చోగే సంగతి చూడండి. 2019 అక్టోబర్ 12న వియన్నాలో ఆయన మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించారు. వంతులవారీగా పక్కన పరుగెత్తి వేగం నిలబెట్టడానికి 41 మంది తోడున్నారు. అధికారిక రికార్డుల్లో చేరకపోయినా ఆ పరుగు గురించి తెలియనివాళ్లు తక్కువ. కిలోమీటరుకు 2 నిమిషాల 50 సెకన్లు! పేపర్లలో వచ్చింది ఈ అంకే. అదే మనిషి కెన్యాలో కప్టగట్ శిబిరంలో తేలిక రోజున కిలోమీటరుకు 4 నిమిషాలకు పైనే తీసుకునేవారు. ఆయన వారంలో గట్టి రోజులు మూడే, మంగళ, గురు, శనివారాలు. మిగతా నాలుగు రోజులూ ఒళ్లు తేరుకోవడానికి. ఈ సంగతి ఎక్కడా పెద్దక్షరాల్లో కనిపించదు.

ఆయన ఒక్కరే కాదు. పరుగు, సైకిలు, పడవ పందేలు, మంచు మీద స్కీయింగ్ లాంటి ఓర్పు క్రీడల్లో అగ్రశ్రేణి వాళ్ల శిక్షణను స్టీఫెన్ సీలర్ వంటి పరిశోధకులు లెక్కగట్టారు. దాదాపు 80 శాతం సెషన్లు తేలికగానే సాగుతాయని తేలింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దీన్ని సరిగ్గా తిరగేస్తారు. వెళ్లిన ప్రతిరోజూ ఆయాసం వచ్చేదాకా చేస్తారు, చెమట కారకపోతే చేసినట్టే కాదనుకుంటారు. ప్రపంచ విజేతకే వారంలో మూడుసార్లు చాలిన కష్టం, ఏళ్ల తరబడి కుర్చీలో గడిపిన శరీరానికి ఆరుసార్లు ఎలా సరిపోతుంది?

తేలిక అంటే ఎంతో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. కదులుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది తేలిక. రెండు మూడు మాటలకోసారి ఊపిరి అందుకోవలసి వస్తే అది గట్టి పని. మొదటి ఎనిమిది వారాలు మాట తెగిపోయే వేగం జోలికి పోకుండా ఉంటే చాలు, మానేసేవాళ్లలో చాలామంది నిలబడతారని మా నమ్మకం.

దీనికి శరీరంలోనే కారణం ఉంది. కొత్త పనికి గుండె, ఊపిరి, రక్తప్రసరణ త్వరగా అలవాటుపడతాయి. మూడు నాలుగు వారాలకే నిన్నటి దూరం తేలికనిపిస్తుంది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు, ఎముకలు మాత్రం గట్టిపడటానికి నెలలు తీసుకుంటాయి. ఊపిరి ఆడుతోంది కదా అని నాలుగో వారంలో దూరం ఒక్కసారిగా పెంచేస్తారు. ఆరో వారానికి మోకాలి కింద ముందు ఎముక వెంబడి సలుపు, మడమ వెనక నొప్పి, పొద్దున మంచం దిగగానే అరికాలిలో పోటు. అప్పటికి ఉత్సాహమేమీ తగ్గలేదు, కాలు ఒప్పుకోక ఆగిపోతారు. చుట్టుపక్కలవాళ్లు మాత్రం మూన్నాళ్ల ముచ్చట అంటారు.

మొదటిరోజు అతిగా చేస్తే వచ్చే ఒళ్లునొప్పుల కథ వేరు. కండరం సాగుతూ బరువును మోసినప్పుడు, అంటే మెట్లు దిగేటప్పుడూ బస్కీలో కిందికి కూర్చునేటప్పుడూ, ఈ నొప్పికి బీజం పడుతుంది. ఇది అదేరోజు రాదు, 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. సోమవారం 100 బస్కీలు తీసినవాళ్లు బుధవారం మెట్లు దిగలేక, ఇది మనకు పడేది కాదనుకుంటారు. మొదటిరోజు 16 తీసి ఉంటే చిన్న సలుపుతో పోయేది. అదీకాక, కండరానికి ఒక గుణముంది. కొద్ది మోతాదులో ఒకసారి రుచి చూసిందంటే రెండోసారి అదే పనికి అంత నొప్పి రానివ్వదు. మొదటి వారం తక్కువ చేయడం బద్ధకం కిందికి రాదు, టీకా వేయించుకోవడంలాంటిది.

ఇక మోతాదులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాల బలానికి కసరత్తు. ఇది చేరవలసిన గమ్యం, మొదటి వారమే అందుకోవాలని లేదు. పాత సూచనల్లో కనీసం 10 నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అనే నియమం ఉండేది, 2020లో దాన్ని తీసేశారు. ఇంటి చాకిరీ మధ్యనో ఉద్యోగం మధ్యనో 30 నిమిషాలు ఒక్కచోట దొరకనివాళ్లకు ఇది మంచి వార్త. ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కకొస్తుంది.

పరుగు కావాలనుకునే కొత్తవాళ్లు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు పెట్టుకోవాలి. మొదట 5 నిమిషాలు నడక. తర్వాత 1 నిమిషం నెమ్మది పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా ఆరుసార్లు. చివర 5 నిమిషాలు నడక. అంతా కలిపి 28 నిమిషాలు. రెండు వారాలు ఇదే. తర్వాత రెండు వారాలు 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక ఐదుసార్లు. ఆ తర్వాత 3 పరుగు, 2 నడక నాలుగుసార్లు. ఆపైన 5 పరుగు, 1 నడక నాలుగుసార్లు. ఏ దశలోనైనా మాట తెగిపోతుంటే ఆ దశనే ఇంకో వారం చేయాలి. వెనకబడిపోయామన్న లెక్కే ఇందులో లేదు. పరుగు వేగం, తెలిసినవాళ్లు చూస్తే మనం సిగ్గుపడేంత నెమ్మదిగా ఉండాలి. బాగా బరువున్నవాళ్లూ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ పరుగు వదిలేసి అదే సమయం చురుకైన నడక చేస్తే చాలు.

బలానికి రెండు రోజులు, 20 నిమిషాల చొప్పున. కుర్చీ మీంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, సాగే రబ్బరు పట్టీని గట్టిదానికి కట్టి ఛాతీ వైపు లాగడం, మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని బల్లలా నిలబెట్టి ఉంచే ప్లాంక్ 20 సెకన్లు. ప్లాంక్ తప్ప మిగతావి 8 నుంచి 12 సార్లు, రెండేసి విడతలు. ప్రతి విడతలోనూ ఇంకో రెండు మూడు తీయగలం అనిపించేచోట ఆపాలి. ఇది ముఖ్యం. వరుసగా రెండు సెషన్లలో రెండు విడతలూ 12కు చేరితేనే కష్టం పెంచాలి. గోడ నుంచి బల్ల అంచుకు, బల్ల నుంచి నేలకు. ఊపిరి బిగబట్టకూడదు, పైకి లేచేటప్పుడు వదలాలి.

ఇంతవరకూ ఏం చేయాలో చెప్పాం. నిజానికి ఏం చేయాలో తెలియక మానేసేవాళ్లు తక్కువే. తెలిసీ మానేసేవాళ్లే ఎక్కువ. స్ఫూర్తి మనిషిని గుమ్మం దాటిస్తుంది, అది కూడా రెండు మూడుసార్లు. ఆ తర్వాత పని జరగాలంటే ఏర్పాటు ఉండాలి. మేటి క్రీడాకారుల దగ్గర నిజంగా చూసి నేర్చుకోవలసింది ఈ ఏర్పాటునే.

2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలపాటు పి.వి.సింధు దగ్గర ఫోన్ లేకుండా చేశామని కోచ్ పుల్లెల గోపీచంద్ పోటీలయ్యాక చెప్పారు. ఫైనల్ దాకా వెళ్లి రజతం తెచ్చిన అమ్మాయికి మనోనిబ్బరం తక్కువని ఎవరూ అనరు. అంత నిబ్బరం ఉన్నచోట కూడా ఫోన్‌ను పక్కన ఉంచుకుని దానితో రోజూ పోరాడమని చెప్పలేదు, తీసి పక్కన పెట్టేశారు. మామూలు మనిషి మాత్రం తలగడ పక్కన ఫోన్ పెట్టుకుని, పొద్దున్నే దాన్ని చూడకుండా లేవగలననుకుంటాడు. ఫోన్ రాత్రి ఇంకో గదిలో ఉండాలి, అలారం గడియారం వేరుగా ఉండాలి. బూట్లు, మేజోళ్లు, బట్టలు, నీళ్ల సీసా ముందురోజు రాత్రే ఒక్కచోట పెట్టాలి. పొద్దున వెతుక్కునే ఒక్క మేజోడు చాలు, సగం నిద్రలో ఉన్న మనసుకు సాకు దొరకడానికి.

సమయం, చోటు ముందే తేల్చుకోవడానికి ఉన్న బలం ఎంతో 2002లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. వారంలో కనీసం ఒక్కసారి 20 నిమిషాల వ్యాయామం చేయించడం అందులో లక్ష్యం. ఏమీ చెప్పకుండా వదిలేసిన విద్యార్థుల్లో 38 శాతం చేశారు. వ్యాయామం వల్ల లాభాలు వివరించి ఉత్సాహపరిచిన బృందంలో 35 శాతం. ఉత్సాహపరచడంతో పాటు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో రాయించుకున్న బృందంలో 91 శాతం. ఉత్తేజం ఒక్కటే ఇస్తే ఏమీ ఇవ్వనివాళ్లకంటే మెరుగుపడలేదన్నది గమనించండి. స్ఫూర్తి కథలు అచ్చువేసేవాళ్లు ఈ మూడు అంకెలూ బల్ల మీద పెట్టుకోవాలని మా కోరిక.

కాబట్టి ‘రేపటినుంచి చేస్తాను’ అనే వాక్యానికి బదులు ‘సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున 6 గంటలకు, మొహం కడుక్కోగానే, ఇంటి ముందు దారిలో 28 నిమిషాలు’ అని కాగితం మీద రాయాలి. పొద్దున మంచిదా సాయంత్రం మంచిదా అని ఎప్పుడూ అడుగుతుంటారు. గడిచిన నాలుగు వారాలు గుర్తు తెచ్చుకుని, రోజులో ఏ గంట ఇతరుల వల్ల అతి తక్కువసార్లు చెడిందో చూసుకోవాలి. మీకు మంచి సమయం అదే. చాలామందికి అది పొద్దున పడుతుంది. రాత్రి పనివాళ్లకు మధ్యాహ్నం పడొచ్చు. నిద్రను కోసుకుని లేచే 5 గంటల వ్యాయామం మాత్రం నెల తిరక్కుండానే కూలిపోతుంది. గంట ముందు లేవాలంటే గంట ముందు పడుకోవాలి, దానికి వేరే దారి లేదు.

చోటు విషయంలో కెనడా పరుగువీరుడు ఎడ్ విట్‌లాక్‌ను తలచుకోవాలి. 2004లో, 73 ఏళ్ల వయసులో ఆయన మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పరుగెత్తారు. 85 ఏళ్ల వయసులో 4 గంటల లోపే ముగించారు. ఆయన సాధన చేసింది ఇంటి దగ్గరున్న శ్మశానవాటికలో, అదే దారిలో చుట్టూ చుట్టూ తిరుగుతూ, పోటీ వేగంకంటే బాగా నెమ్మదిగా, గంటల తరబడి. అందమైన దారి, మంచి మైదానం, మేలైన బూట్లు కుదిరాక మొదలుపెడదామని ఆగేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. గుమ్మం నుంచి రెండు నిమిషాల్లో చేరగల విసుగు పుట్టించే చోటు, అరగంట ప్రయాణం చేసి చేరే గొప్ప వ్యాయామశాలకంటే ఎక్కువ రోజులు పనికొస్తుంది.

అలవాటు 21 రోజుల్లో పడుతుందని ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాట చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఒక పని తనంతట తాను జరిగిపోయే దశకు చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. 22వ రోజున కూడా లేవడం కష్టంగా ఉంటే మనలో లోపమేమీ లేనట్టే. అదే పరిశోధనలో ఇంకో మంచి సంగతి బయటపడింది. మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటు పడే తీరుకు చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు.

ఫోన్లలో వరుస రోజులు లెక్కపెట్టే ఏర్పాట్ల మీద మాకున్న అభ్యంతరం ఇక్కడే. 43 రోజుల వరుస ఒక్క జ్వరంతో సున్నా అవుతుంది. మనసు విరిగిపోతుంది. ‘వరుసగా ఎన్ని’ అని చూసేకంటే ‘నెలలో ఎన్ని’ అని చూడటం మేలు. వారానికి ఐదు సెషన్లు అనుకుంటే నాలుగు వారాలకు 20. అందులో 16 జరిగితే చాలా మంచి నెల, 12 జరిగితే ఫర్వాలేదనిపించే నెల. 10 కంటే తగ్గితే పథకం మీ జీవితానికి పెద్దదైందని అర్థం. అప్పుడు మనసును తిట్టుకోకుండా ఐదును మూడు చేయాలి.

తప్పిపోయిన సెషన్‌ను మర్నాటి సెషన్‌తో కలిపి రెట్టింపు చేయడం చాలామంది చేసే పొరపాటు. అప్పు తీర్చినట్టుంటుంది కానీ గాయాలు ఎక్కువగా అక్కడే పుడతాయి, పైగా వ్యాయామం శిక్షలా మారుతుంది. తప్పింది తప్పినట్టే వదిలేయాలి, తర్వాతిది మాత్రం ఎంత చిన్నదైనా తప్పకూడదు. అందుకోసం ప్రతివాళ్లూ ఒక కనీస సెషన్ ముందే నిర్ణయించుకోవాలి. బూట్లు వేసుకుని 10 నిమిషాలు నడవడం, లేదా పైన చెప్పిన బలం కసరత్తుల్లో ఒక్కో విడత. 10 నిమిషాలయ్యాక ఇంటికి వెళ్లిపోయే పూర్తి హక్కు ఉండాలి. దీన్ని నాశనం చేసే తెలివి ఒకటుంది. బాగున్న వారంలో ఆ కనీసాన్ని 20 నిమిషాలకు పెంచేస్తారు. అలసిన రోజున 20 చేయలేరు, 10 ఒప్పుకోరు, చివరికి సున్నా. పథకం పెరగొచ్చు గానీ కనీసం మాత్రం ఏడాది పొడుగునా 10 నిమిషాల దగ్గరే ఉండాలి.

ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎంత నుంచి? వారం లోపు విరామమైతే ఆపినచోటు నుంచే. ఒకటి రెండు వారాలైతే ముప్పాతిక వంతు. రెండు నుంచి నాలుగు వారాలైతే సగం. నెల దాటితే మొదటి దశ నుంచే, కాకపోతే ఈసారి మెట్లు త్వరగా ఎక్కుతారు. విరామం గురించి భయపడేవాళ్లకు ఒక నిజం చెప్పాలి. బాగా శిక్షణ పొందినవాళ్లు పూర్తిగా ఆపేస్తే ఆయాసాన్ని తట్టుకునే శక్తి రెండు మూడు వారాల్లోనే కొంత తగ్గుతుంది, కండబలం అంతకంటే నెమ్మదిగా తగ్గుతుంది. కానీ సంపాదించినదాన్ని నిలబెట్టుకోవడం సంపాదించడంకంటే చాలా చవక. 1980ల తొలినాళ్లలో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ బృందం కొందరిచేత వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాలు, 10 వారాలపాటు గట్టిగా సాధన చేయించింది. తర్వాత కొందరికి నాలుగు రోజులకు, కొందరికి రెండే రోజులకు తగ్గించింది. సెషన్ తీవ్రత మాత్రం తగ్గించలేదు. 15 వారాల తర్వాత కూడా రెండు రోజులవాళ్లు ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ శక్తిని నిలబెట్టుకున్నారు. పరీక్షల నెల, పనుల ఒత్తిడి, ఇంట్లో అనారోగ్యం ఉన్నప్పుడు పూర్తిగా మానేయకుండా వారానికి రెండు సెషన్లు పట్టుకుని ఉంటే నష్టం ఎంత తక్కువో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కిప్‌చోగే దగ్గర అచ్చంగా నకలు కొట్టదగ్గది ఒకటుంది. ఆయన తన శిక్షణను ఏళ్ల తరబడి నోటు పుస్తకాల్లో చేత్తో రాసుకుంటూ వచ్చారు. మామూలు మనిషికి రోజుకు ఒక్క వరుస చాలు. తేదీ, ఏం చేశారు, ఎన్ని నిమిషాలు, ఎంత కష్టమనిపించింది 10కి ఎంత, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఎక్కడైనా నొప్పి. ఇది అలంకారానికి రాసేది కాదు, ఆదివారం ఐదు నిమిషాలు కూర్చుని చదవాలి. అదే 28 నిమిషాల సెషన్ పోయినవారం 10కి 4 అనిపించి ఈవారం 7 అనిపిస్తే కారణం పక్క గడిలోనే ఉంటుంది, నిద్ర 7 గంటల నుంచి 5కు పడిపోయి ఉంటుంది. అప్పుడు వచ్చేవారం నిమిషాలు సగం చేయాలి. ఒకేచోట నొప్పి మూడు వరుసల్లో కనిపిస్తే ఆ కదలిక ఆపి చూపించుకోవాలి. ఏమీ తేడా లేకపోయినా ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించడం మంచి పద్ధతి.

ఆ పుస్తకంలో బరువు గడి పెట్టకండని మా సలహా. వ్యాయామం మొదలైన మొదటి నెలలో బరువు తగ్గకపోవచ్చు, ఒంట్లో నీటి నిల్వల వల్ల కాస్త పెరగొచ్చు కూడా. తూకం యంత్రం ముందు నిలబడి మానేసినంతమంది ఇంకెక్కడా మానేయలేదేమో. కొలవాలంటే తెల్లవారి మంచం దిగకముందు నాడి నిమిషానికి ఎంత కొట్టుకుంటోందో చూడండి. 30 సెకన్లలో కుర్చీ మీంచి ఎన్నిసార్లు లేవగలరో, అదే దారి అదే తేలిక మాటలతో ఎన్ని నిమిషాల్లో పూర్తవుతోందో చూడండి. నెలకోసారి చాలు.

అడ్డంకుల విషయానికొస్తే అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ పాఠం తిరుగులేనిది. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో ఆయన ఈత కళ్లద్దాల్లోకి నీళ్లు చేరి దాదాపు ఏమీ కనిపించలేదు. బారలు లెక్కపెట్టుకుంటూ ఈది 1 నిమిషం 52.03 సెకన్లతో ప్రపంచ రికార్డుతో గెలిచారు. అది అప్పటికప్పుడు పుట్టిన ధైర్యం కాదు. అంతా సాఫీగా సాగే ఈతనే కాకుండా, తేడా వచ్చే ఈతను కూడా మనసులో ముందే పదేపదే చూసుకోవడం కోచ్ బాబ్ బౌమన్ ఆయనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. మన కళ్లద్దాల్లోకి నీళ్లు ఎప్పుడు చేరతాయో మనకు ముందే తెలుసు. వాన, ఆలస్యమైన పని, ఇంటికొచ్చిన చుట్టాలు, ప్రయాణం, నిద్ర చాలని రాత్రి. ఈ ఐదింటికీ ఐదు జవాబులు ముందే రాసి పెట్టుకోవాలి. ఉదాహరణకు, వాన పడితే ఇంట్లో బలం కసరత్తు. పని ఆలస్యమైతే ఇంట్లో అడుగుపెట్టకముందే వీధిలో 10 నిమిషాల నడక. ప్రయాణంలో గోడ దండీలు, కుర్చీ బస్కీలు. నిద్ర 5 గంటల లోపైతే కనీస సెషన్ మాత్రమే. ఆ క్షణంలో ఆలోచించాల్సి వస్తే మనసు ఎప్పుడూ మంచానికే ఓటు వేస్తుంది.

ఇష్టమైనదాన్ని వ్యాయామానికి ముడిపెట్టడం కూడా పనిచేస్తుంది, కొంతవరకు. 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఆసక్తికరమైన ఆడియో పుస్తకాలను వ్యాయామశాలలో మాత్రమే వినగలిగేలా ఏర్పాటు చేసినప్పుడు వెళ్లడం మొదట బాగా పెరిగింది. సెలవులొచ్చి అందరూ ఊళ్లకు వెళ్లాక ఆ ప్రభావం పడిపోయింది. సెలవు తర్వాత వచ్చే మొదటి సోమవారానికే గట్టి ఏర్పాటు కావాలని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆరోజు ఒక స్నేహితుడిని రమ్మని చెప్పి ఉంచుకోవడం మేలు.

గెలిచినవాళ్లు ఆగిన రోజుల గురించి కూడా రాయాలి. 2019లో నీరజ్ చోప్రా మోచేతికి శస్త్రచికిత్స జరిగి, ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమయ్యారు. 2020 జనవరిలో తిరిగొచ్చి ఈటెను 87.86 మీటర్లు విసిరి ఒలింపిక్స్‌కు అర్హత సాధించారు. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లతో స్వర్ణం. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ అదే టోక్యోలో, గాల్లో శరీరం ఎటు తిరుగుతోందో తెలియని స్థితి వచ్చినప్పుడు పోటీ మధ్యలో తప్పుకున్నారు. సుమారు రెండేళ్లు విరామం తీసుకుని, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచారు. నొప్పిని పళ్లబిగువున భరించినవాళ్లే వీరులనే రాతలు పాఠకులకు హాని చేస్తాయి. రెండువైపులా సమానంగా ఉండి, వేడెక్కాక తగ్గే సలుపుతో నెమ్మదిగా చేయవచ్చు. ఒకేచోట పొడిచినట్టుండి, చేసేకొద్దీ పెరిగి, నడకను కుంటించే నొప్పితో చేయకూడదు. జ్వరం ఉంటే సెషన్ లేదు, తగ్గాక కూడా ఒకటి రెండు రోజులు ఆగి సగంతో మొదలుపెట్టాలి. ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే అక్కడే ఆపి వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. గుండెజబ్బు, మధుమేహం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు మొదలుపెట్టేముందే అడగాలి.

మీ పత్రికకు మా విన్నపం ఇది. వచ్చే పెద్ద పోటీలప్పుడు పతకాల పట్టిక పక్కన ఒక్క విజేతదైనా ఒక మామూలు వారం అచ్చువేయండి. ఏ రోజు ఎంతసేపు, అందులో తేలిక ఎంత, విశ్రాంతి ఎప్పుడు, నిద్ర ఎన్ని గంటలు, గాయమైనప్పుడు ఎన్ని నెలలు ఆగారు. ‘30 రోజుల్లో’ అంటూ వచ్చే వ్యాయామ పథకాలు వేసేటప్పుడు వాటికి మూడు వరుసలు చేర్చండి. ఎవరు వైద్యుల్ని అడగకుండా మొదలుపెట్టకూడదు, మొదటి వారం ఎంత తక్కువ చేయాలి, మధ్యలో పదిరోజులు తప్పిపోతే ఎక్కడినుంచి అందుకోవాలి. మూడో వరుస లేని పథకాన్ని దయచేసి వేయకండి.

ఇట్లు,
వ్యాయామ శిక్షణలో పనిచేస్తున్న కొందరు పాఠకులు